జిప్పు

మనామాల, గుదైబియా గల్లీ చివర పాత టాకీసు.
శుక్రవారం రాత్రి ఒక్క టికెట్టుకు రెండు సినిమాలు.
రెండూ నలుపు తెలుపే, రెండూ భయం సినిమాలే,
పాతాళం నుంచి లేచింది ఒకటి, ఆకాశం నుంచి దిగింది ఒకటి.
గీతలు తుడిచి, బూజు దులిపి
ఒక్కొక్క బొమ్మనూ కడిగి ఆరేసిన్రట.
తెచ్చినోళ్లు గొప్పగ చెప్పుకున్నరు.

నా పని ఆ పాతాళందే.
గేటు కాడ రబ్బరు తొడుగుల దూరి
పొలుసుల చేతులు చాపి నిలబడాలె,
వచ్చినోళ్లు ఫోటో దిగుతరు.
రాత్రికి ఐదు దినార్లు, ఒక పరోటా రోల్.
వారమంతా సిత్రల స్కాఫోల్డింగ్ లింబాద్రిని,
శుక్రవారం ఆరింటి నుంచి భూతాన్ని.
తలకాయ రెండున్నర కిలోలు.
దాని కండ్లు ఉత్త గాజులు.
నేను దాని ముక్కు బొక్కల నుంచి లోకాన్ని చూస్త.

సినిమా షురువయినంక
కౌంటరు మీది రోవెనా లోపలికి పొమ్మన్నది.
తలకాయ ఒళ్ల పెట్టుకొని వెనక వరుసల కూసున్న.

కథ ఏముంది?
నూనె కోసం భూమికి బొక్క పెడతరు.
ముందు నల్లనీళ్లు, ఎనుక ఒక చెయ్యి.
నీకేం కావాలె అని దాన్ని ఎవ్వరూ అడగరు.

పక్క సీట్ల వాచ్‌మన్ మర్జూక్,
ఎనభైకి దగ్గరబడ్డ మనిషి.
ఆయనది అరబ్బీ, నాది హిందీ, నడుమ చేతులు.
వాళ్ల నాయిన ముత్యాల కోసం మునిగినోడట,
సముద్రం అడుగున ఇసొంటిదాన్ని చూసిండట.
"మరి ఏం చేసిండు?"
"సలాం చేసి పైకొచ్చిండు. ఊపిరి అంతే ఉండె."

అప్పుడు కనబడ్డది.
భూతం అటు తిరిగి మెట్లెక్కుతుంటే
నడుము నుంచి మెడ దాకా
సన్నగ, తళుక్కుమని, జిప్పు.
ఇన్నేండ్లు దుమ్ముల దాక్కున్నది
కడుగంగనే బయటపడ్డది.
హాలంత నవ్వింది.

నాకు నవ్వు రాలే.
ఆ జిప్పు పక్కపొంటి
చెమట ఏ మడతల ఆగుతదో నాకు తెలుసు.
మూడో మెట్టు కాడ వాడు తూలిండు సూడు,
అది భూతం నడక కాదు,
దూపైన మనిషి నడక.
చివర్ల పేర్లు పడుతుంటే వెతికిన.
హీరో ఉన్నడు, టోపీలు కుట్టినామె ఉన్నది,
కుక్కను తెచ్చినోడు సుత ఉన్నడు.
వాడు లేడు.

ఇంటర్వెల్ల మళ్ల తలకాయ, మళ్ల గేటు.
తెల్ల తోబు ఏసుకున్న ఏడెనిమిదేండ్ల పోరడు
నా సుట్టు ఒక తిరుగుడు తిరిగిండు.
ఫోటో వద్దంటడు, ముందుకు రాడు.
ముక్కు బొక్కలకు ఎనుక దిక్కు కనబడదు గద.
సర్రుమని చప్పుడు.

మెడ నుంచి నడుము దాకా
టాకీసు ఏసీ గాలంత నా మీదనే పడ్డది.
నాలుగేండ్లల ఈ దేశంల
నన్ను ఏదీ అంత చల్లగ తాకలే.
వాళ్ల అమ్మ ఉరికొచ్చి, సారీ సారీ అనుకుంట
జిప్పు పెట్టబోయింది.
పొలుసుల చెయ్యి లేపి వద్దన్న.
ఆమె వణికింది.
ఆ రాత్రంత నిజంగ భయపడ్డది ఆమె ఒక్కతే.

పోరడు మాత్రం చీలికల నుంచి లోపలికి తొంగిచూసి
అరబ్బీల ఏందో అన్నడు.
ఏమన్నడో రోవెనా తర్వాత చెప్పింది:
"అమ్మా, లోపల ఇంకొకటి ఉన్నది."

రెండో సినిమా నేను చూడలే.
పదకొండింటికి క్యాంపు బస్సు,
పొద్దుగాల నాలుగింటికి లేవాలె.
ఆకాశం నుంచి దిగినోళ్లు చివరికి ఏమైన్రో
గుదైబియాకు పోయినప్పుడల్లా మర్జూక్‌ను అడుగుత.
ఒకసారి అందరూ సచ్చిన్రన్నడు.
ఒకసారి, ఉక్కపోత తట్టుకోలేక తిరిగి పోయిన్రన్నడు.
మొన్న అడిగితే,
యాడికీ పోలేదు, ఈడనే పనికి కుదిరిన్రు,
శుక్రవారం సెలవు అడుగుతున్నరని
పండ్లు లేని నోటితోని నవ్విండు.